వానప్రస్థవయస్సులో ఆంగ్లనవల: ఒక ప్రత్యుత్తరం

గత కార్తికమాసంలో మైపాడు తీరాన సముద్రస్నానానంతరం జరిగిన సత్సంగంలో ఒక పెద్దలు నా సంచిలోని గ్రంథాన్ని చూచి, "అరువది దాటిన తరువాత ఈ మ్లేచ్ఛకథలేమిటి నాయనా? భాగవతం చాలదా?" అని ఆక్షేపించారు. వారి వయస్సును గౌరవించి అక్కడ మౌనం వహించాను. అయితే సాధకులలో అనేకులు ఈ ఆక్షేపణను శాస్త్రసమ్మతమని భావిస్తున్నారు. కనుక సమాధానం చెప్పక తప్పదు.

ఆ గ్రంథం 1871–72లో వెలువడిన 'మిడిల్‌మార్చ్'. జార్జ్ ఇలియట్ అనే పురుషనామంతో దానిని రచించిన విదుషి, నవలారచనకు పూర్వమే స్పినోజా 'ఎథిక్స్'ను లాటిన్ నుండి ఆంగ్లీకరించిన తత్త్వజిజ్ఞాసువు. అందులో కసాబన్ అనే పండితుడు సకల పురాణగాథలకూ మూలసూత్రం కనుగొంటానని జీవితాంతం టిప్పణులు సేకరిస్తాడు. గ్రంథం అసంపూర్ణంగా ఉండగానే మరణిస్తాడు. పక్కనే ఉన్న భార్య హృదయం మాత్రం ఆయనకు ఏనాడూ అర్థం కాదు. ఆ ఘట్టం చదివిన రాత్రి నా బీరువాలోని మూడు బ్రహ్మసూత్రవ్యాఖ్యానాలను చూచుకొన్నాను. పక్కగదిలో నా గృహిణి మోకాళ్ళ నొప్పితో నిద్రపట్టక మేలుకొనే ఉన్నది. ఎన్నాళ్ళుగా ఆ బాధ అని నేనెన్నడూ అడగలేదు.

లోకవాసన, దేహవాసనలవలె శాస్త్రవాసన సైతం బంధహేతువే అని విద్యారణ్యులు 'జీవన్ముక్తివివేకం'లో హెచ్చరించారు. ఆ హెచ్చరికను పలుమార్లు పారాయణ చేశాను, ఇతరులకు బోధించాను కూడా. అది నన్ను ఉద్దేశించినదే అని గ్రహించడానికి కసాబన్ కావలసివచ్చాడు.

విషయవాసనలు పెరుగుతాయని మరొక ఆక్షేపణ. మన నెల్లూరు పెన్నాతీరంలో భారతాన్ని ఆంధ్రీకరించిన తిక్కన యజ్ఞం చేసిన సోమయాజి. ఆయన కీచకుని కామాన్ని, ద్రౌపది పరాభవదుఃఖాన్ని విరాటపర్వంలో ఏమాత్రం సంకోచించక చిత్రించాడు. కథలోని కామం తిక్కన చేతిలో ధర్మబోధకమై, డికెన్స్ చేతిలో మాత్రం ఎలా పతనహేతువవుతుంది? వివేకానందస్వామి ఆ డికెన్స్ రచించిన 'పిక్‌విక్ పేపర్స్' నుండి పుటలకు పుటలు కంఠతా అప్పగించారని వారి జీవితచరిత్ర చెబుతున్నది. మ్లేచ్ఛశబ్దం విషయమా? కౌశికుడనే బ్రాహ్మణుడు ధర్మరహస్యం తెలిసికొనడానికి మిథిలలో మాంసవిక్రయం చేసే వ్యాధుని అంగడి ముందు నిలిచాడు. కందుకూరి వీరేశలింగం పంతులు 1878లో గోల్డ్‌స్మిత్ నవల ఛాయలో 'రాజశేఖర చరిత్రము' వ్రాశారు. ఆ తెలుగు కథ 1887లో ఆంగ్లానువాదమై లండన్ చేరింది. (పంతులుగారి సంస్కరణలు అందరికీ రుచించవని ఎరుగుదును. ఇక్కడ ప్రసంగం కథను గూర్చి మాత్రమే.)

ఈ పఠనం జపానికి ప్రత్యామ్నాయమని నేననను. సంధ్య విడిచి నవల పట్టుకొనేవానిని సమర్థించను. అయితే యౌవనంలో చదివితే చాలదా అంటే, చాలదు. ఇరువదియేళ్ళ వయస్సులో 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను పరీక్షకోసం చదివాను. అప్పుడు పిప్ ఒక్కడే కనిపించాడు. లండన్‌కు తనను చూడవచ్చిన కమ్మరి జోను చూచి పిప్ సిగ్గుపడే అధ్యాయం ఇప్పుడు చదువుతుంటే కన్నులు చెమర్చాయి. మా నాన్నగారు ముతకపంచెతో, చేపలబుట్టల మధ్య బస్సులో కూర్చొని నా వసతిగృహానికి వచ్చిన దినాన, "మా ఊరివారు" అని మిత్రులకు పరిచయం చేసినవాణ్ణి నేను. ఆయన విన్నారు. ఏమీ అనలేదు.

ఇరువదియేళ్ళకు ఈ పాపం నాకు పాపంగా తోచలేదు. వచ్చే పౌర్ణమి సత్సంగంలో ఆ పెద్దలకు జో కథను తెలుగులో వినిపిస్తాను. విన్న తరువాత కూడా కాలహరణమే అంటే, వారి మాట కాదనను.