ఫండు పైసలతో ఇల్లు ఎక్కడ?



58 ఏళ్లు నిండి సాంచా వదిలేటప్పుడు మన షోలాపూర్ కార్మికుడి ముందు ఒకే ప్రశ్న. ఫండు, గ్రాట్యుటీ కలిపి వచ్చిన పైసలతో ఊరికి పోయి ఇల్లు కట్టుకోవాలా, ఇక్కడే ఉండాలా?

మన తాతలు కరీంనగర్, పాలమూరు, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చారు. బతుకమ్మ నాడు ఊరు యాదికొస్తుంది, అది సహజమే. అక్కడ పొలమో, పలకరించే అన్నదమ్ములో ఉన్నవారు నిక్షేపంగా పోవచ్చు. ఏదీ లేకుండా, ఊరన్న మమకారం ఒక్కటి పట్టుకుని ఉన్న సొమ్మంతా గోడల్లో పోయడం తగదని మా అభిప్రాయం.

పింఛను ఎక్కడికైనా వస్తుంది. కాని 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. అది చాయ్ ఖర్చుకైనా చాలదు. అరవై దాటాక అసలు ఖర్చు మందులది. ఈ.ఎస్.ఐ.లో కనీసం 5 ఏళ్లు ఉండి వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం సాగుతుంది. ఆ దవాఖానా పల్లెలో ఉంటుందా?

ఇంకో మాట. ఇంట్లో బీడీలు చుట్టే ఆమెను అడిగారా? ఆమె బీడీ కార్డు, ఆమె ఫండు ఇక్కడి కార్ఖానాలోనే ఉన్నాయి. మగవాడు రిటైరవుతాడు, ఆమె చేతులకు రిటైర్‌మెంట్ లేదు. ఇల్లు మారితే ముందు పోయేది ఆమె కూలి.

ఇక్కడే కొంటామంటే మోసాలకు కొదవ లేదు. ఊరి చివర ఒక గుంట, రెండు గుంటల ప్లాట్లు అమ్ముతున్నారు. గుంట అంటే 1,089 చదరపు అడుగులు. చవక అనిపిస్తుంది. కాని మహారాష్ట్రలో రైతు కానివాడు కలెక్టరు అనుమతి లేకుండా సాగు భూమి కొనడానికి చట్టం ఒప్పదు. సాత్‌బారా ఉతారా చూడండి, ఎన్.ఏ. ఆర్డరు అడగండి. నోటరీ చేసిన స్టాంపు కాగితంతో ఇల్లు మనది కాదు. 100 రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాలని 1908 నాటి చట్టమే చెబుతోంది.

కుంభారీలో బీడీ కార్మికులకు 10,000 ఇళ్లు వచ్చాయి. అక్కడే రేనగర్‌లో 2024 జనవరిలో 15,000 ఇళ్లు ఇచ్చారు. పోరాడితేనే వచ్చాయవి. నగరానికి దూరమనే మాట నిజమే, ఆటో కిరాయి లెక్క వేసుకునే పోవాలి. అయినా కాగితం గట్టిది.

ఎక్కడ కొన్నా పేరు భార్యాభర్తలిద్దరి మీద ఉండాలి. కొడుకు పేర పెట్టి కోడలి దయ మీద బతుకుతున్నవారు మన పేటలోనే ఉన్నారు. సగం సొమ్ము బ్యాంకులో వేసుకోండి.

బయానా ఇచ్చే ముందు కాగితాలు యూనియన్ ఆఫీసుకు తెండి. ఇచ్చిన తర్వాత తెస్తే మేము చేయగలిగింది తక్కువ.