చంద్రమతిది ఏ కులం?

కళకు కులం లేదంటారు. ఆ మాట అన్నవాళ్ళ ఇంటిపేర్లు ఒకసారి చూడండి. గూడెంలో పుట్టి స్టేజీ ఎక్కిన ఆడది ఎవరైనా ఆ మాట అనగా విన్నారా? నేను వినలేదు. 1983 నుంచి ముప్పై ఏళ్ళపాటు గుంటూరు, ప్రకాశం, కృష్ణా జిల్లాల్లో చంద్రమతి వేషం కట్టాను. కులం లేని చోటు ఆ స్టేజీ మీద నాకు జానెడు కూడా దొరకలేదు. అందుకే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

తెలుగు నాటకంలోకి ఆడది ఎట్టా వచ్చిందో ముందు చెప్పుకుందాం. మొదట్లో ఆడవేషాలు మగాళ్ళే కట్టారు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా జనాన్ని ఊపేశారు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన విద్య మీద నాకు పేచీ లేదు. నా పేచీ చూసినవాళ్ళ చూపుతో. చీర కట్టిన మగాడు కళాకారుడయ్యాడు. అదే చీరతో ఆడది అదే స్టేజీ ఎక్కితే ‘నాటకాలది’ అయింది.

1885లో మొదలైన సురభి వాళ్ళ సంగతి వేరు. అక్కడ ఇంటిల్లిపాదికీ నాటకమే బతుకు. వాళ్ళ ఆడవాళ్ళు తమ ఇంటి మనుషుల పక్కనే నిలబడి వేషం కట్టారు. మిగతా సమాజాలకి ఆడమనిషి కావాల్సొచ్చేసరికి పెద్దకులాల ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి. మా పిల్ల పదిమంది ముందు మొహానికి రంగు పూసుకోవడమా అన్నారు. అప్పుడు కళావంతుల ఇళ్ళకు పోయారు. గుళ్ళో ఆ ఆడవాళ్ళ ఆటను 1947లో మద్రాసు దేవదాసీ చట్టం ఆపేసింది. వాళ్ళ గొంతు మాత్రం నాటకానికి కావాల్సొచ్చింది. ఆ తర్వాత మా గూడేలకూ వచ్చారు. మా గొంతులు బాగున్నాయనా? బాగానే ఉన్నాయి. కానీ అసలు లెక్క అది కాదు. మా పరువు పోతే ఊరికి పోయేదేం లేదు. మాకు పరువు ఉందని ఊరు ఎన్నడు ఒప్పుకుంది గనక!

మా నాయిన డప్పు కొట్టేవాడు. మాయమ్మ కూలికి పోయేది. హార్మోనియం శ్రుతి నాకు తెలిసింది మా గూడెం చర్చిలో. ఆదివారం ఏసయ్య కీర్తన పాడిన గొంతుతోనే శివరాత్రికి కాశీ విశ్వేశ్వరుణ్ణి తలుచుకుని ఏడ్చాను. మొదటి నాటకానికే కాంట్రాక్టరు నా పేరు మార్చేశాడు. నా పేరు వింటే గూడెం గుర్తొస్తుందంట. కరపత్రం మీద వేరే పేరు వేయించి, చివర ‘దేవి’ అని తగిలించాడు.

పేరు ఎందుకు మార్చాలో కేరళలో పి.కె. రోజీ కథ వింటే తెలుస్తుంది. ఆమె పులయ కులంలో పుట్టింది. కక్కరశ్శి నాటకాలాడింది. 1930 ప్రాంతంలో జె.సి. డేనియల్ తీసిన మొదటి మలయాళ సినిమా ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీ వేషం కట్టింది. పులయ పిల్ల నాయరమ్మ కావడం ఏందని తిరువనంతపురంలో అగ్రకులాలోళ్ళు ఆమె మీద పడ్డారు. ఊరొదిలి తమిళనాడు పోయి, మళ్ళీ తెర మీద కనపడకుండా బతికింది. మా కాంట్రాక్టరుకు రోజీ ఎవరో తెలియదు. కానీ కులం తెలిస్తే జనం రాణి మీదికి రాళ్ళు ఎత్తుతారని మాత్రం తెలుసు.

ఇక మా నాటకాల లెక్క చూడండి. హరిశ్చంద్ర ఆడితే ఒక రాత్రికి ఇద్దరు హరిశ్చంద్రులొస్తారు. వారణాసి సీనుకొకరు, కాటి సీనుకొకరు. నేను కట్టిన ఊళ్ళలో చంద్రమతి మాత్రం మొదట్నుంచీ చివరిదాకా ఒక్కతే. తెల్లవార్లూ పాడేది ఒక్క గొంతు. డబ్బు పంచేకాడ ఒక్కో హరిశ్చంద్రుడికి ఇచ్చేదాంట్లో మూడోవంతు నా చేతిలో పెట్టేవాళ్ళు. హరిశ్చంద్రుల్ని ఊరి పెద్దలు ఇంటికి తీసుకెళ్ళి అరిటాకేసి వడ్డించేవాళ్ళు. నాకు బడి వరండాలో పొట్లం. ఒక ఊళ్ళో నాటకం అయిపోగానే ఒక ముసలమ్మ వచ్చి, సాక్షాత్తూ చంద్రమతివే తల్లీ అని నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. పొద్దున్నే నేను ఎవరి పిల్లనో ఎవరో చెప్పారు. దాహం అడిగితే అదే ముసలమ్మ చెంబు పైకెత్తి నా దోసిట్లో నీళ్ళు పోసింది.

ఆ నాటకంలో జనం ఏడ్చేది దేనికి? పెళ్ళాం బిడ్డల్ని అమ్ముకున్నందుకు కొంత. అంతకంటే ఎక్కువగా, రాజు కాటికాపరి అయినందుకు. మా తాతముత్తాతలు తరతరాలుగా చేసిన పని ఒక రాజు నాలుగు రోజులు చేస్తే అది కరుణరసం! మార్కండేయ పురాణంలో అయితే రాజును కొన్న చండాలుడు చివరికి ధర్మదేవతై తేలతాడు. రాజును కొన్నవాడు నిజంగా మావాడై ఉండటానికి వీల్లేదు. కథలో కూడా వీల్లేదు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడటం ఆనవాయితీ అయింది. 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరుతో అవమానాలు మింగిన కవి ఆయన. చావు ముందు పెద్దా చిన్నా లేదని ఆ పద్యాలు చెబుతాయి. వాటికి జనం ఒన్స్‌మోర్ కొడతారు. హార్మోనియం మీద పది రూపాయల నోట్లు పడతాయి. ఒన్స్‌మోర్ కొట్టిన అదే ఊళ్ళో మావాళ్ళను పూడ్చే చోటు వేరు. మా శవం పోయే దారి వేరు. పద్యం వినడానికి బాగుంటుంది, పాటించడానికే బాగుండదు.

నేను చింతామణి కూడా కట్టాను. కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యాలోలత్వం మానిపించడానికి రాసిన నాటకం అది. స్టేజీ మీదికొచ్చేసరికి పుస్తకంలో లేని బూతులన్నీ సుబ్బిశెట్టి నోట్లోకొచ్చాయి. సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెబితే, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. నొచ్చుకునే హక్కు వాళ్ళకుంది, కాదనను. మరి ఆ బూతులకు ఎదురుగా నిలబడి నవ్వు మొహంతో భరించిన ఆడమనిషి నొచ్చుకోలేదా? నాటకం అయ్యాక చీకట్లో బస్సు కోసం నిలబడితే, స్టేజీ మీది మాటల్నే నా మొహాన అన్నవాళ్ళున్నారు. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. బూతులు తీసేయండి, మా కూడు తీయకండి అని.

ఆడవాళ్ళు స్టేజీ ఎక్కడం అంటే అదేదో కొత్త చదువులతో వచ్చిన సంస్కారం అనుకుంటారు. తెలంగాణకు పోయి చూడండి. చిందు భాగవతం ఆడే చిందువాళ్ళు మాదిగల ఆశ్రిత కులం. వాళ్ళ మేళంలో ఆడవాళ్ళు వేషం కట్టడం వింతేం కాదు. నిజామాబాద్ జిల్లాలో చిందుల ఎల్లమ్మ బతుకంతా గజ్జె కట్టింది. 2005లో చనిపోయింది. రంగస్థల చరిత్రలు రాసేవాళ్ళు స్త్రీపాత్రలనగానే మగాళ్ళ చీరల గురించి పేజీలకు పేజీలు నింపుతారు. ఎల్లమ్మ దగ్గరికొచ్చేసరికి జానపదం అని వేరే అరలో పెడతారు. చిందు యక్షగానానికి గాను గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ వచ్చింది 2024లో. సంతోషం. స్థానం వారి పద్మశ్రీకీ దీనికీ మధ్య 68 ఏళ్ళు. ఆ రోజు చూడకుండానే ఎల్లమ్మ పోయింది.

నా సంగతికొస్తే, ఇప్పుడు గొంతు లేవడం లేదు. ముసలి కళాకారుల పింఛనుకు అర్జీ పెట్టుకోబోతే, నాటకాలాడినట్టు రుజువులు తెమ్మన్నారు. ట్రంకుపెట్టెలో దాచుకున్న కరపత్రాలు పట్టుకుపోయాను. ఈ దేవి ఎవరమ్మా అని అడిగారు. నేనేనండీ అన్నాను. ఆధార్‌లో పేరు అది కాదే అన్నారు. కరపత్రం మీదున్నామెకు ఆధార్ లేదు. ఆధార్‌లో ఉన్నామె నాటకం ఆడినట్టు కాగితం లేదు. నా కులం దాచడానికి ఎవడో పెట్టిన పేరు నా ముప్పై ఏళ్ళ కష్టాన్ని మింగేసి కూర్చుంది.

కాబట్టి కళకు కులం లేదని మాకు చెప్పకండి. కులం లేకపోతే నా పేరెందుకు మారింది? ఆ చెంబెందుకు పైకి లేచింది? మాకు సన్మానాలొద్దు, శాలువాలొద్దు. మగ నటుడికిచ్చే కూలి మాకూ ఇవ్వండి. అది కాగితం మీద రాసివ్వండి. మారుపేర్లతో ఆడినవాళ్ళకు తోటి నటుల సాక్ష్యం చాలని ఒప్పుకోండి. మీ నాటక చరిత్రల్లో మా పేర్లు మా గూడేలతో సహా రాయండి.

ఇకమీదట గూడెం నుంచి స్టేజీ ఎక్కే పిల్లా, నీకు ఒక మాట. అమ్మా నాయినా పెట్టిన పేరుతోనే ఎక్కు. కరపత్రం మీద ఆ పేరే వేయమను. చంద్రమతిది ఏ కులమని ఎవడన్నా అడిగితే తల దించకు. మాదిగ అని చెప్పి పద్యం ఎత్తుకో.