సొంత రక్తమే అయినా ఆధారం అడగాలి

దయాల్‌బంద్‌లో మా ఇంట్లో ఈ వారం చర్చ ఒక్కటే: రైల్వేలో రిటైరైన నాన్న మోకాళ్లకు పీఆర్పీ ఇంజక్షన్ చేయించాలా, వద్దా? మన రక్తమే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న ప్లాస్మాను మళ్లీ మనకే ఇస్తారు. "సొంత రక్తమేగా, నష్టమేముంది?" అంటారు నాన్న. హాని తక్కువ కావడం వేరు, పనిచేయడం వేరు.

2021లో జామా పత్రికలో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధనలో, మోకీళ్లు అరిగిన 288 మందిలో సగం మందికి పీఆర్పీ, మిగతావారికి ఉప్పునీటి ఇంజక్షన్ ఇచ్చారు. ఏడాది తర్వాత నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. జుట్టు విషయంలో ఫలితాలు కొంత నయం (బట్టతల మొదలైన నాకూ ఆశ ఉంది!), కానీ తయారీ క్లినిక్‌కో రకం.

తప్పుదారి పట్టించే ప్రకటనలకు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. నిషేధం అక్కర్లేదంటాను. ఏ జబ్బుకు ఎంత ఆధారం ఉందో రాసిచ్చాకే క్లినిక్ డబ్బు తీసుకోవాలి. నాన్న మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.