టేప్ రికార్డర్ అమ్మకండి, ఒక వైరు కొనండి

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లలో మొదలయ్యే పంచాయితీ ఒకటే. ఏది పెట్టెలోకి, ఏది పాత సామాన్లవాడికి? ఈ లెక్కలో ముందుగా బయటికి పోయేది టేప్ రికార్డర్. క్యాసెట్లను మాత్రం పారేయడానికి మనసొప్పక ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి ఊరూరా తిప్పుతాము. మా ఇంట్లోనూ అదే జరిగింది. క్యాసెట్లు మిగిలాయి, వాటిని వినిపించే యంత్రం మిగల్లేదు. మీ ఇంట్లో అలా జరగకూడదని చెప్పడానికే ఇది రాస్తున్నాము.

సినిమా పాటల కోసం ఈ శ్రమ అక్కర్లేదు, అవి ఫోన్లో దొరుకుతాయి. దొరకనిది మన ఇంటివాళ్ల గొంతు. నాన్నగారు జోర్హాట్‌లో పనిచేసే రోజుల్లో శ్రీకాకుళం దగ్గరి మా పల్లె నుంచి ఉత్తరాల బదులు క్యాసెట్లు వచ్చేవి. నాయనమ్మకు రాయడం రాదు. బాబాయి టేప్ రికార్డర్ ముందు పెడితే, "ఏట్రా నాయనా, గుంటలు బాగున్నారా?" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడేది. ఆవు ఈనిన సంగతి, ఎవరింట్లో పెళ్లి, ఏ మడిలో నీళ్లు లేవు, అన్నీ చెప్పేది. మధ్యలో ఎవరైనా వస్తే వాళ్లను పలకరించి మళ్లీ మా వైపు తిరిగేది. ఇప్పుడామె లేదు. ఆ యాస పాఠ్యపుస్తకంలో లేదు, ఊళ్లు తిరిగి తిరిగి మా నోటా నిలవలేదు. ఉన్నదల్లా ఆ టేపు మీదే.

కొన్నేళ్ల కిందట దాన్ని ఒక దుకాణంలో ఇచ్చి సీడీ చేయించాము. వాళ్లు శ్రద్ధగానే చేశారు. శ్రద్ధ ఎక్కువై దగ్గు, కోడికూత, వాకిట్లో పలకరింపులు, ఆమె ఆలోచిస్తూ ఆగిన చోట్లు, అన్నీ కోసేశారు. అరగంట మాట 19 నిమిషాలైంది. మాకు కావలసిందే చెత్తలోకి పోయింది. అసలు క్యాసెట్ మా దగ్గరే ఉండటం అదృష్టం. చుట్టాల ఇంట్లో మూలపడ్డ టూ-ఇన్-వన్ తెచ్చుకుని మేమే మళ్లీ ఎక్కించుకున్నాము. కొన్నది వైరూ, ఒక చిన్న బిళ్లంత సౌండ్ కార్డూ మాత్రమే.

ఆ వైరు ఏదో తెలియాలంటే ముందు యంత్రాన్ని చుట్టూ తిప్పి చూడండి. చిన్న సెట్లలో ఇయర్‌ఫోన్ పెట్టే 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉంటుంది. పెద్ద డెక్‌ల వెనక ఎరుపు, తెలుపు సాకెట్లు ఉంటాయి. ఎరుపు కుడి వైపుకు, తెలుపు ఎడమకు. పాత యూరప్ సెట్లలో 5 కాళ్ల గుండ్రటి డిన్ సాకెట్ కనిపిస్తుంది. అందులో శబ్దం బయటికి వచ్చేది 3, 5 కాళ్ల నుంచి. 1, 4 లోపలికి రికార్డు చేయడానికి, 2 భూమి. కాబట్టి 1, 4కి కలిపిన వైరు కొంటే పిన్ను చక్కగా దూరుతుంది కానీ మాట వినబడదు. దూరిన ప్రతిదీ సరిపోయినట్టు కాదు.

పిన్ను మీది నల్ల గీతలు కూడా లెక్కపెట్టండి. ఒకటుంటే మోనో, రెండుంటే స్టీరియో, మూడుంటే మైకు ఉన్న హెడ్‌సెట్‌ది. ఇప్పటి చాలా లాప్‌టాప్‌లకు హెడ్‌సెట్ సాకెట్ ఒక్కటే ఉంటుంది. మామూలు స్టీరియో వైరు దానికి పెడితే రికార్డు కాదు. అందుకే లైన్-ఇన్ లేదా మైకు సాకెట్ వేరుగా ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కావాలి. లైన్-ఇన్ ఉంటే మంచిది. మైకు సాకెట్ చాలా సన్నని శబ్దం కోసం చేసింది గనుక, టేప్ రికార్డర్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. కంప్యూటర్‌లో ఎర్ర గుర్తు తాకిందంటే గొంతు పగిలినట్టే, తర్వాత ఎంత సవరించినా అతకదు. గుయ్‌మని హోరు వస్తుంటే కరెంటు తీసి సెల్స్ మీద నడపండి. ఒక చెవిలోనే వినిపిస్తే భయపడకండి, మోనో సెట్‌కు స్టీరియో వైరు పెడితే అంతే. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దాన్ని సరిచేయవచ్చు.

ఇంతకంటే ముందు చేయవలసిన పని మరొకటుంది. క్యాసెట్ వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుకలను విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత మాట చెరగదు.

"ఇంత తీరిక ఎవరికి?" అని అమ్మానాన్నలు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 60 నిమిషాల క్యాసెట్‌కు 60 నిమిషాలూ పడుతుంది, దగ్గరి దారి లేదు. ఒక వైపే సుమారు 86 మీటర్ల టేపు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. మా మాటల్లో చెప్పాలంటే లాభం ఆ గంటలోనే ఉంది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. "ఈ మాటకు అర్థమేమిటి? ఈ సుబ్బమ్మ ఎవరు?" అని అడగండి. చెప్పింది రాసుకోండి. వారానికి కొద్ది పీరియడ్లలో మేము నేర్పలేని తెలుగు ఆ గంటలో మీకు దొరుకుతుంది. దుకాణంలో ఇచ్చి వచ్చేస్తే ఆ ప్రశ్నలు అడిగేవారుండరు. అడిగినా జవాబు చెప్పగలిగినవాళ్లు ఎల్లకాలం మన ఇంట్లో ఉండరు.

వచ్చిన ఫైలును కోయకుండా అలాగే దాచండి. దగ్గు ఉండనివ్వండి, కోడి కూయనివ్వండి. రెండు చోట్ల నకళ్లు పెట్టి, ఎవరి గొంతో, ఏ ఊరో పేరులో రాయండి.

ఈసారి సామాను సర్దేలోపు ఆ బిస్కెట్ల డబ్బా ఒకసారి తెరవండి. పైన చెప్పిన మూడు రకాల వైర్లూ మా తెలుగు అలమరాలో ఉన్నాయి. ఏది కావాలో యంత్రం వెనక ఫోటో తీసి తెచ్చి చూపించండి, తీసుకెళ్లండి. బదిలీకి ముందు మాత్రం తిరిగి ఇచ్చి వెళ్లాలి.