లంకల్లో సేవ ఎవరిది, చాకిరీ ఎవరిది?

సేవ అనే మాటకు మన సమాజంలో రెండు ధరలున్నాయి. పట్నం నుంచి వచ్చిన యువకుడు వారం రోజులు వరద బాధితులకు అన్నం పొట్లాలు పంచితే అది సేవ. ఆ వారమంతా తడిసిన కట్టెలు ఊదుకుంటూ ఆ అన్నం వండిన లంక ఆడవాళ్ళు చేసింది మాత్రం వాళ్ళ పని. అతనికి ప్రశంసాపత్రం, పేపర్లో ఫొటో. వాళ్ళకు ఆ సాయంత్రం కడగాల్సిన గుండిగలు. ఆ యువకుడి మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఒకే పొయ్యి చుట్టూ జరిగిన శ్రమలో కొంత త్యాగంగానూ, మిగతాది సహజధర్మంగానూ ఎలా విడిపోతున్నదన్నదే నా ప్రశ్న.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయినప్పుడు కృష్ణ లంకలు మునిగాయి. పత్రికలూ టీవీలూ ఎక్కువగా విజయవాడ కాలనీలనే చూపించాయి. రోడ్డు లేనిచోటికి కెమెరా ఆలస్యంగా వెళుతుంది, దాని వెనకే సహాయమూ వెళుతుంది. అయినా చదువుకుని బయటికి వెళ్ళిన బిడ్డలు, స్వచ్ఛంద సంస్థలు, కాలేజీ విద్యార్థులు లంకలకు చేరారు. ‘ఊరి ఋణం తీర్చుకుందాం’ అనే మాట మళ్ళీ వినిపించింది. 1997లో జన్మభూమి కార్యక్రమం శ్రమదానం పేరుతో ఈ మాటను ఊరూరా తిప్పింది. 2015లో వచ్చిన ‘శ్రీమంతుడు’ సినిమా ఊరిని దత్తత తీసుకోవడాన్ని ఫ్యాషన్ చేసింది. దత్తత అనే మాటలోనే చిక్కుంది. దత్తత పోయేది పసిపిల్ల, ఆమెను ఎవరూ ఏమీ అడగరు.

దివిసీమకు ఈ దత్తత కొత్తది కాదు. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోగా మధ్యలో మిగిలిన నేల అది. 1977 నవంబరు 19న సముద్రం ఆ నేలమీదికి వచ్చింది. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవారు దాదాపు పదివేలమంది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ తర్వాత దేశవిదేశాల నుంచి సంస్థలు వచ్చాయి, ఊళ్ళను పంచుకున్నాయి, పక్కా ఇళ్ళు కట్టాయి, తుఫాను షెల్టర్లు లేచాయి. కోస్తా ఆంధ్రలో స్వచ్ఛంద రంగం ఒక తరంపాటు పెరిగింది ఆ బురదలోనే. శవాలను తీసి దహనం చేసినవారిని, అనాథలను చేరదీసినవారిని చిన్నబుచ్చే అర్హత ఎవరికీ లేదు.

కానీ సహాయం ఇంటిని లెక్కపెట్టింది, ఇంట్లో మనుషులను కాదు. ఇంటికొక పేరు రాసుకుంటే ఆ పేరు మగవాడిదే. ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా ఇచ్చిన సవరణ 1985 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ఎనిమిదేళ్ళ ముందు దివిసీమలో కొత్త జీవితాలను రిజిస్టరు పుస్తకాల్లోకి ఎక్కించినప్పుడు ఆ ఆలోచన చట్టానికే లేదు. ఇక ఆపదలో చేయి అందించే సంస్థలకు ఎక్కడిది?

చట్టం మారాక కూడా లెక్క మారలేదనడానికి నికోబార్ దీవులే సాక్ష్యం. 2004 డిసెంబరు 26 సునామీకి ముందు నికోబారీ జనం ‘తుహెత్’ అనే పెద్ద ఉమ్మడి కుటుంబంగా ఉండేవారు. కొబ్బరితోటలు, పందులు, నేల అన్నీ తుహెత్‌వే. సహాయం చేయడానికి వచ్చిన ప్రభుత్వానికీ సంస్థలకూ అంత పెద్ద కుటుంబాన్ని నింపడానికి ఫారంలో గడి లేదు. భార్య, భర్త, పిల్లలు అని విడగొట్టి ఇళ్ళూ డబ్బూ పంచారు. దానితో ఉమ్మడి తనమే బీటలు వారింది. అక్కడికి వెళ్ళినవారెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ సమాజం తనను తాను ఎలా లెక్కపెట్టుకుంటుందో అడిగే తీరిక లేదు, అంతే.

అదే సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ 2005లో విడుదల చేసిన నివేదికలో తమిళనాడు కడలూరు జిల్లా అంకెలున్నాయి: చనిపోయినవారిలో 391 మంది స్త్రీలు, 146 మంది పురుషులు. మగవాళ్ళు కొందరు లోపల సముద్రంమీద ఉన్నారు, అక్కడ అల పెద్దగా తెలియదు. ఆడవాళ్ళు ఒడ్డున పడవలకోసం, చేపలకోసం ఎదురుచూస్తున్నారు, పిల్లలు చేతిలో ఉన్నారు. ఈత ఎవరికి నేర్పారు, చీర కట్టుకుని పిల్లను ఎత్తుకుని ఎవరు పరుగెత్తాలి అన్నవి ప్రకృతి నిర్ణయించినవి కావు.

మన డెల్టాలోనే ఇంకో పాత కథ ఉంది. నర్సాపురం లేసు అల్లకం మిషనరీల దయతో, పేద స్త్రీలకు ఏదో ఆసరా కావాలన్న ఉద్దేశంతో మొదలైంది. నూరేళ్ళు దాటాక మరియా మీస్ అక్కడికి వచ్చి పరిశోధించి 1982లో పుస్తకం అచ్చువేసేనాటికి అది ఎగుమతి పరిశ్రమ. వ్యాపారం మగవాళ్ళది. రోజుకు ఎన్నో గంటలు అల్లుతున్న స్త్రీలు మాత్రం ఇంకా ‘ఖాళీ సమయంలో ఏదో చేసుకుంటున్న గృహిణులే’. స్త్రీ శ్రమను శ్రమ కాదనడంవల్లే దానికి కూలి ఇవ్వకుండా ఉండగలగడం మనం అప్పుడే చదువుకున్నాం. ఇప్పుడు లేసు స్థానంలో సేవను పెట్టి చూడండి.

ప్రభుత్వం ఈ కిటుకును అందరికన్నా బాగా నేర్చుకుంది. అంగన్‌వాడీ కార్యకర్తకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమెది సివిల్ పోస్టు కాదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. గ్రాట్యుటీకి అర్హురాలని అదే కోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పేదాకా వేలమంది ముసలివాళ్ళై వట్టిచేతులతో ఇంటికి వెళ్ళారు. 2005లో మొదలైన ఆశా కార్యకర్త ‘గౌరవ స్వచ్ఛంద సేవకురాలు’. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమెకు అవార్డు ఇచ్చింది, జీతం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో యాభై ఇళ్ళకొకరు చొప్పున నెలకు అయిదువేలకు వాలంటీర్లను పెట్టారు. 2021 ఫిబ్రవరిలో వాళ్ళు జీతం పెంచమని రోడ్డెక్కితే, ఇది ఉద్యోగం కాదు సేవ అని జవాబు వచ్చింది. అన్నిటికన్నా ముచ్చటైనది 2024 జనవరి 6 నాటి ఉత్తర్వు. సమ్మెలో ఉన్న అంగన్‌వాడీలను రాష్ట్ర ప్రభుత్వం ఎస్మా కిందికి తెచ్చింది. జీతం అడిగితే సేవకురాలు, పని ఆపితే అత్యవసర ఉద్యోగి!

స్వచ్ఛంద సంస్థలు దీనికి భిన్నంగా ఉంటాయని ఆశిస్తాం. చాలాచోట్ల ఉండవు. లంకలో ఇంటింటి సర్వే చేసేది, మీటింగుకు ఆడవాళ్ళను పోగుచేసేది, వచ్చిన దాతలకు భోజనం వండేది, వాళ్ళు వెళ్ళాక పొదుపు పుస్తకాలు రాసేది ఆ ఊరి స్త్రీలే. వాళ్ళకు దారిఖర్చులు ఇస్తే గొప్ప. ‘డబ్బు ఇస్తే సేవాభావం చచ్చిపోతుంది’ అంటారు. డైరెక్టరుగారి జీతంవల్ల, జీపు డీజిలువల్ల, ఆడిటరు ఫీజువల్ల చావని సేవాభావం ఊరి ఆడమనిషికి రెండువందలు ఇస్తేనే చస్తుందా? మన స్త్రీల సంఘాలూ దీనికి మినహాయింపు కాదు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి పరిపాలన ఖర్చును 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు, ఒక సంస్థ మరో సంస్థకు ఆ డబ్బు ఇవ్వడాన్ని నిషేధించారు. పెద్ద సంస్థ చాటున బతికే ఊరి చిన్న సంఘాలకు దెబ్బ తగిలిన మాట నిజం. కానీ ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట ఎవరి పేరు కొట్టేస్తామన్నది ఢిల్లీ చెప్పదు, మనమే నిర్ణయిస్తాం.

2019 కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో స్త్రీలు జీతం లేని ఇంటిపనికి రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారు. ఈ అయిదు గంటలకు పైన లంకలో మంచినీళ్ళకు పోవడం, వరదొస్తే ఒండ్రు ఎత్తడం, గొడ్లను గట్టుమీదికి తోలడం చేరతాయి. అలాంటి మనిషిని ‘మీ ఊరికోసం కొంత సమయం ఇవ్వండి’ అని అడిగేముందు ఆమె దగ్గర ఏ సమయం మిగిలిందో చూడాలి.

అయితే బయటివాళ్ళు రాకూడదా? రావాలి. ఎదురుమొండి దీవికి ఏటిమొగ రేవులో నది దాటాలి. రాత్రివేళ నొప్పులు పడుతున్న గర్భిణికి ఆ పాయ ఎంత వెడల్పో అక్కడి ఆడవాళ్ళకు తెలుసు. వంతెన కావాలని వాళ్ళు అడగడం ఈనాటిది కాదు. దుప్పట్లు పంచడానికి వెళ్ళినవారు ఆ అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగితే మేలు. అది ఫొటోలో బాగుండదు, ఏళ్ళు పడుతుంది.

కాగితం చదవగలిగిన వాలంటీరుకు లంకల్లో పని కొల్లలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వమిచ్చే భృతి పడవెక్కి వేటకు వెళ్ళేవారికే. చేపలు ఎండబెట్టి, బుట్టలో మోసి అమ్మే స్త్రీకి ఆ రెండు నెలలూ పని లేకపోయినా ఆమె జాబితాలో ఉండదు. పంట నష్టం రాసేటప్పుడు కౌలురైతు పేరే ఎక్కడం కష్టం. 2019 పంటసాగుదారుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి. ఇక కౌలురైతు భార్యో, వితంతువో ఆ వరసలో ఎక్కడ? వరద తగ్గిన మర్నాడు ఎన్యూమరేషను వచ్చేలోగా ఆడవాళ్ళతో కూర్చుని వాళ్ళు పోగొట్టుకున్నవి, మేకలు, కోళ్ళు, కుట్టుమిషను, ఎండుచేప సరుకు, వాళ్ళ పేరుమీదే రాయించడం వెయ్యి పొట్లాలకన్నా ఎక్కువ.

ఇంకొకటి మాట్లాడడానికి సంస్థలు ఇబ్బందిపడతాయి. కొత్త ఊరు, రాత్రి బస, స్కూలు వరండాలో పడక, సంస్థ పెద్దకు ఎదురు చెప్పలేని ఇరవైయేళ్ళ పిల్ల. పనిస్థలంలో లైంగిక వేధింపులపై 2013 చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారినీ ఉద్యోగి నిర్వచనంలోకి తెచ్చింది. పదిమందికన్నా తక్కువ పనిచేసే సంస్థ అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. లంకకు పంపే ప్రతి అమ్మాయికీ, లంకలో మనతో పనిచేసే ప్రతి స్త్రీకీ ఈ సంగతి పడవెక్కకముందే చెప్పాలి. ఆ కమిటీ ఫోను నంబరు కాగితంమీద రాసి ఇవ్వాలి.

ఈ తుఫాను కాలానికి ముందే చేయదగ్గ పని ఒకటుంది. మీరు సాయపడుతున్న లంకలో షెల్టరు ఎక్కడుందో కనుక్కోండి. దాని తాళంచెవి ఎవరింట్లో ఉందో, ఆ ఇంటికి దళితవాడ స్త్రీ అర్ధరాత్రి వెళ్ళి అడగగలదో లేదో చూడండి. మరుగుదొడ్డికి గడియ ఉందా, నీళ్ళున్నాయా, బాలింత పడుకోవడానికి చాటు ఉందా చూడండి. లేకపోతే మండలాఫీసులో అర్జీ పెట్టండి, కింద ఆ ఊరి ఆడవాళ్ళే సంతకాలు చేయాలి, రసీదు కూడా వాళ్ళ దగ్గరే ఉండాలి.