తోడు దొరకక చక్రాల కుర్చీ

గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లే విమానాల వేళకు శంషాబాద్‌లో చెక్-ఇన్ కౌంటర్ల దగ్గర కాసేపు నిలబడితే ఒక వరుస కనిపిస్తుంది. వీల్‌చెయిర్లలో కూర్చున్న పెద్దవాళ్ల వరుస. నేత చీరలు, వాటి కింద కొత్త స్పోర్ట్స్ బూట్లు, ఒళ్లో పాస్‌పోర్టులున్న చేతిసంచి. వాళ్లలో చాలామంది ఆ పొద్దున్నే మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగి ఉంటారు. పచ్చళ్లు సర్దిన సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమోనని తామే ఎత్తి తూచి ఉంటారు. వాళ్లకు కాళ్లు బాగానే ఉన్నాయి. వాళ్ల దగ్గర లేనిది దారి చెప్పే మనిషి.

మా అమ్మకు మొదటిసారి అమెరికా టికెట్ తీసినప్పుడు నేనూ వీల్‌చెయిర్ గడిలో టిక్ పెట్టాను. అమ్మకు అప్పుడు అరవై ఎనిమిది. రోజూ పార్కులో అరగంట నడుస్తుంది. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతుంది. ఇంగ్లిష్ రాదు, హిందీ అంతంతమాత్రం. విమానం మారే చోట గేటు నంబరు మారితే ఎవరినడుగుతుంది? ఆ ఒక్క భయంతో ఆ గడి నింపాను. ఆ చోట అమ్మను కుర్చీతో సహా ఒక మూల పెద్దవాళ్ల గుంపులో ఉంచి, తోసిన అబ్బాయి వెళ్లిపోయాడు. మూడు గంటలు. లేచి వెళ్తే తిరిగొచ్చేసరికి వీళ్లు తనను వదిలేసి వెళ్తారేమోనని బాత్‌రూమ్‌కి కూడా లేవలేదట. లేవాల్సి వస్తుందని నీళ్లు తాగలేదట. ఆ సంగతి అక్కడ దిగిన వారం తర్వాత, మాటల మధ్యలో, మామూలు విషయంలా చెప్పింది. నడవగలిగిన మనిషిని నేనే కుర్చీకి కట్టేశానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

విమాన ప్రయాణం గురించి మనం రాసేదీ మాట్లాడేదీ ఎక్కువగా సీటు, భోజనం, లాంజ్ చుట్టూనే తిరుగుతుంది. దోహాలోని హమద్ విమానాశ్రయంలో బిజినెస్ క్లాసువారి కోసం కట్టిన అల్ ముర్జాన్ లాంజ్ సుమారు పదివేల చదరపు మీటర్లు. దుబాయ్‌లో ఎయిర్‌బస్ ఏ380 విమానాల కోసమే 2013లో ఒక కాన్‌కోర్స్ తెరిచారు. అవి ఘనమైన కట్టడాలే, కాదనను. కానీ సేవ నాణ్యతను వాటితో కొలిస్తే, ప్రయాణం చేయడం వచ్చినవాళ్ల సౌకర్యాన్ని మాత్రమే కొలిచినట్టు. ప్రయాణమే కొత్తైన మనిషి ఎలా చేరాడన్నది ఆ కొలతలోకి రాదు. తెలుగు నేల నుంచి దూరప్రయాణం చేసేవాళ్లలో అలాంటివారే లక్షల్లో ఉన్నారు: పిల్లల దగ్గరికి, మనవల పురుళ్లకు వెళ్లే తల్లిదండ్రులు, కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి పనికి పోయే గల్ఫ్ కార్మికులు.

ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. ఆ సర్వీసు నిలవలేదు. అందుకే మనవాళ్లు దుబాయ్, దోహా, అబుదాబి, ఢిల్లీ, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లలో ఎక్కడో ఒకచోట దిగి మారక తప్పదు. అబుదాబిలోనైతే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది. కొడుకు డల్లాస్‌లో బయట నిలబడి ఉంటాడనుకున్న తల్లికి, ఆమె ఊహించని చోట, సగం దారిలోనే, ఎందుకు వెళ్తున్నారు, ఎన్నాళ్లుంటారు అన్న ప్రశ్నలు ఎదురవుతాయి.

వీల్‌చెయిర్‌కు విమానయానంలో మూడు సంకేతాలున్నాయి. మెట్లెక్కగలరు కానీ ఎక్కువ దూరం నడవలేరు అంటే ‘ఆర్’. మెట్లు కూడా ఎక్కలేరంటే ‘ఎస్’. అసలే నడవలేరు, సీటు దాకా చేర్చాలి అంటే ‘సి’. మన పెద్దవాళ్లలో ఎక్కువమంది మొదటి రకం కింద నమోదవుతారు. భాష రానివారికి, దారి తెలియనివారికి నాలుగో అక్షరం లేదు. నిజానికి ‘మీట్ అండ్ అసిస్ట్’ అనే వేరే సంకేతం ఉంది. విమానం తలుపు దగ్గర కలిసి, తర్వాతి గేటు దాకా తీసుకెళ్లే మనిషిని పంపడమే దాని పని. కానీ టికెట్ కొనే తెరమీద అది సులువుగా కనిపించదు. కనిపించే చోట సరుకుగా కనిపిస్తుంది: దుబాయ్‌లో మర్హబా, దోహాలో అల్ మహా పేర్లతో ఇదే పనిని రుసుము తీసుకుని చేస్తున్నారు.

చిక్కంతా ఇక్కడుంది. చేయి పట్టుకుని నడిపించే మనిషి కావాలంటే డబ్బు కట్టాలి. కుర్చీ కావాలంటే అక్కర్లేదు. అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం వీల్‌చెయిర్ ఉచితంగా ఇవ్వాలి, వైద్యుడి కాగితం అడగకూడదు. మన పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనలూ వికలాంగులకు, నడవలేనివారికి సాయం ఉచితంగానే అందాలంటాయి. ఎంతో పోరాడి సాధించుకున్న హక్కులివి, ఇలాగే ఉండాలి. ఇంగ్లిష్ రాని తల్లికి టికెట్ తీస్తున్న కొడుకు ముందు రెండు దారులే ఉన్నప్పుడు అతను ఉచితమైనదాన్నే ఎంచుకుంటాడు. అందులో మోసం లేదు. నేనూ అదే చేశాను. కానీ దాని ధర ఇంకెవరో చెల్లిస్తున్నారు.

2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ముంబైకి వచ్చిన వృద్ధ దంపతుల ఉదంతం గుర్తుండే ఉంటుంది. ఇద్దరికీ వీల్‌చెయిర్లు ముందే బుక్ చేసుకున్నారు. దిగాక ఒక్కటే దొరికింది. అందులో భార్య కూర్చున్నారు. ఎనభై ఏళ్ల భర్త పక్కన నడిచారు. ఇమిగ్రేషన్ దగ్గర కుప్పకూలారు, ప్రాణం దక్కలేదు. డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది, సరిపడా కుర్చీలు ఉంచాలని అన్ని సంస్థలకూ సూచించింది. జరిమానా న్యాయమే. కానీ ఒకే విమానం నుంచి డజన్లకొద్దీ కుర్చీలు అడుగుతున్నప్పుడు, అందులో గుండె జబ్బు ఎవరిదో, గేటు నంబరు భయం ఎవరిదో తోసే కుర్రాడికి తెలిసే వీలు లేదు. ఎన్ని కుర్చీలు కొన్నా ఈ రెండు అవసరాలను విడదీయకపోతే నిజంగా నడవలేని మనిషి వరుసలో వెనకబడుతూనే ఉంటాడు.

విమానం లోపలికి వస్తే, భోజనం దగ్గరా ఇదే కథ. ప్రత్యేక భోజనాల జాబితాలో ‘హిందూ మీల్’ అని ఉంటుంది. శాకాహారమేనని దాన్ని ఎంచినవాళ్లను చాలామందిని చూశాను. సాధారణంగా అది గొడ్డుమాంసం లేని మాంసాహారం. మన పప్పు, కూర, అన్నం లాంటిది కావాలంటే ‘ఏషియన్ వెజిటేరియన్’ ఎంచాలి, అదీ చాలా సంస్థల్లో ప్రయాణానికి కనీసం 24 గంటల ముందు. ‘వీగన్’ అని ఎంచితే ఉడికించిన కూరగాయలూ ఆకులూ రావచ్చు. జీవితమంతా గుడ్డు కూడా ముట్టని ఒక పెద్దావిడ పళ్లెం రేకు విప్పి, లోపలున్నది ఏమిటో పోల్చుకుని, నిశ్శబ్దంగా మళ్లీ మూసేయడం నా పక్క సీట్లోనే చూశాను. పదహారు గంటల ప్రయాణం. ఆమెకు షుగరు కూడా ఉంది. నా దగ్గరున్న అరటిపండూ బిస్కెట్లూ ఇచ్చాను. పేరు పక్కన ఒక్క ముక్క తెలుగులో వివరించి ఉంటే ఆ పూట ఆమె పస్తుండేది కాదు.

పెద్దవాళ్లు సంచిలో పులిహోర పొట్లం పెట్టుకోవడాన్ని పిల్లలు నామోషీగా చూస్తారు. చూడనక్కర్లేదు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, పీడనం ఆరేడువేల అడుగుల ఎత్తైన కొండమీద ఉన్నట్టు ఉంటుంది. లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ చేసిన పరిశోధనలో, ఆ స్థితిలో నాలుకకు ఉప్పు, తీపి బాగా మందగిస్తాయనీ, పులుపు, కారం అంతగా తగ్గవనీ తేలింది. భూమ్మీద వండి, చల్లబరిచి, పైన మళ్లీ వేడిచేసే ట్రే భోజనం చప్పగా తోచడం వంటవాడి తప్పొక్కటే కాదు. చింతపండు పులుసూ ఎండుమిర్చీ దట్టించిన అన్నానికి ఆ ఎత్తులోనూ రుచి నిలుస్తుంది. మన అమ్మమ్మలకు ఆ పరిశోధన సంగతి తెలియదు, కానీ పొట్లం మాత్రం సరిగ్గానే కట్టారు.

లాంజ్‌ల గురించి ఎక్కువ చెప్పను. కార్డు గీకితే రెండు రూపాయలకే టిఫిను దొరుకుతోందని మన విమానాశ్రయాల లాంజ్‌ల ముందు క్యూలు పెరిగాయి. ఆ కార్డు కొడుకు జేబులో ఉంటుంది, అమ్మ చేతిలో ఉండదు. హమద్‌లో డబ్బు కట్టనక్కర్లేకుండా వాలి పడుకోవడానికి కుర్చీలున్న నిశ్శబ్ద గదులున్నాయి. ఆ బోర్డు చదవగలిగితేనే వాటి ఉపయోగం. అక్కడ నడిమధ్యన పెద్ద పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంది. మనవాళ్లు ఫోన్‌లో ‘ఎలుగుబంటి దగ్గరున్నాను’ అని చెప్పుకుంటారు. చదవక్కర్లేని గుర్తు అదొక్కటే కనుక.

ఈ లోటును మన కుటుంబాలు తమంతట తామే పూడ్చుకుంటున్నాయి. ‘మా అమ్మగారికి తెలుగు తప్ప రాదు, దయచేసి ఫలానా గేటుకు చేర్చండి’ అని ఇంగ్లిష్‌లో రాసిన కాగితం పాస్‌పోర్టులో పెట్టి పంపుతారు. అమెరికాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో సెలవుల ముందు ‘ఆ తేదీన హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తున్నారా, అమ్మానాన్నలకు తోడు కావాలి’ అన్న సందేశాలు వరుసకడతాయి. ముక్కూమొహం తెలియని సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఎవరో ఒప్పుకుని, ఇద్దరు ముసలివాళ్లను సొంత తల్లిదండ్రుల్లా దాటిస్తుంది. ఆ మంచితనానికి చేతులెత్తి మొక్కుతాను. లక్షల రూపాయల టికెట్లు అమ్ముకునే సంస్థలు ఆ అమ్మాయి మీద ఆధారపడి నడవడం మాత్రం తప్పు.

చేయాల్సింది పెద్దదేమీ కాదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల నుంచి టికెట్ తీసే పేజీలో వీల్‌చెయిర్ గడి పక్కనే ‘నడవగలను, దారి చూపే తెలుగు మనిషి కావాలి’ అన్న గడి ఉండాలి, అరవై దాటినవారికి ఉచితంగా. దుబాయ్, దోహాల్లో తెలుగువారు తక్కువేమీ కాదు. ఒక షిఫ్టుకు నలుగురిని నియమించడం అంత పెద్ద సంస్థలకు భారం కాదు. ఒక తోసే మనిషి ఒక కుర్చీనే తోయగలడు, అదే మనిషి నడవగలిగే ఎనిమిదిమందిని వెంటబెట్టుకు వెళ్లగలడు. ఖర్చు లెక్క చూసినా ఇదే లాభం.

అడిగే బలమూ మనకుంది. ఒప్పందం ప్రకారం భారత్–దుబాయ్ మధ్య ఒక్కో వైపు సంస్థలకు వారానికి సుమారు 66 వేల సీట్లే ఉన్నాయి. వాటిని పెంచమని దుబాయ్ చాలాకాలంగా కోరుతోంది. మన విమాన సంస్థలకు నష్టమన్న వాదనతో ఢిల్లీ ఒప్పుకోవడం లేదు. ఆ వాదనలో బలం ఉంది. అయితే ఎప్పుడు ఆ బేరానికి కూర్చున్నా, సీట్ల సంఖ్యతో పాటు ఆ సీట్లలో కూర్చునేవారి భాష కూడా బల్లమీదికి రావాలి. మన రెండు రాష్ట్రాల ఎంపీలు ఈ ఒక్క షరతును కేంద్ర విమానయాన శాఖ ముందు పెట్టవచ్చు. ఆ శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం మనిషి. ఆయనకు ఈ అవసరాన్ని అనువదించి చెప్పాల్సిన పని లేదు.

అమ్మ వచ్చే మే నెలలో మళ్లీ వెళ్తోంది. టికెట్ తీశాను. ఏషియన్ వెజిటేరియన్ ఎంచాను. తోడు కోసం తమ్ముడు అక్కడి గుంపుల్లో పెట్టిన సందేశానికి ఇంకా ఎవరూ పలకలేదు. వీల్‌చెయిర్ గడి ఖాళీగానే ఉంది. నింపనా అని నిన్న అడిగితే, ‘కాళ్లు లేనివాళ్లకు ఉండనీ నాయనా’ అంది. ఆ వెంటనే, ‘గేటు మారితే మాత్రం ఎవర్నడగను?’ అంది.