విషమెక్కిన నేలకు ఖర్చెవరిది?

డిసెంబరు 5 ప్రపంచ నేల దినోత్సవం. ఏటా ఈ రోజున పంట నేల గురించి, ఎరువుల మోతాదు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పంట పండని నేల గురించి మాట్లాడాలి. ఒకప్పుడు కర్మాగారం నడిచి, మూతపడి, గేటుకు తాళం పడ్డ నేల గురించి.

కాకినాడ జిల్లాలోని పెద్దాపురం మెట్టకూ డెల్టాకూ అంచున ఉన్న ఊరు. ఏడీబీ రోడ్డు వెంబడి మిల్లులూ పరిశ్రమలూ వచ్చాయి, ఉపాధి తెచ్చాయి. సంతోషమే. కానీ ఏ పరిశ్రమకైనా ఒక ఆయుష్షుంటుంది. మూతపడ్డ రోజున జీతాల బాకీ, బ్యాంకు బాకీ లెక్కకొస్తాయి. నేలకు పడ్డ బాకీ ఎవరి పద్దులోనూ ఉండదు.

ఆ బాకీ ఎలాంటిదో హైదరాబాద్ కాటేదాన్‌లో చూడవచ్చు. అక్కడి పారిశ్రామికవాడ మురుగు నూర్ మహమ్మద్ కుంటలో చేరింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఆ ప్రాంతపు మట్టిని పరీక్షిస్తే సీసం, ఆర్సెనిక్, క్రోమియం వంటివి ఉండాల్సిన దానికన్నా చాలా ఎక్కువగా బయటపడ్డాయి. సీసం కుళ్లదు, ఆవిరైపోదు. షెడ్డు కూల్చి లేఅవుటు వేసినా పై మట్టిలోనే ఉంటుంది. దుమ్ములో ఆడుకునే పిల్లల నోట్లోకి వెళ్లి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రసాయన ద్రావకాలైతే కిందికి దిగి బోరు నీళ్లలో కలుస్తాయి.

ఇలాంటి నేలను బాగుచేయడం చదును చేసినంత తేలిక కాదు. ముందు లోతులవారీగా మట్టి తీసి పరీక్షించాలి. ఆపైన విషమున్నంత మేర తవ్వి విశాఖ దగ్గరి పరవాడలో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించాలి, లేదంటే బంకమట్టి, ప్లాస్టిక్ పొరలతో పైనుంచి కప్పేయాలి. విషం నీళ్లలోకి దిగితే ఏళ్ల తరబడి తోడి శుద్ధి చేయాల్సిందే. 2010లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పశ్చిమ బెంగాల్‌లోనూ ఈ పనికి ఒక ప్రాజెక్టు మొదలైంది. నూర్ మహమ్మద్ కుంట, కడప చెత్త డంపు మన వైపు నమూనా స్థలాలు. నమూనాలు నమూనాల దగ్గరే ఆగాయి. 2025 నాటికి దేశంలో 103 కలుషిత స్థలాలను గుర్తిస్తే, శుద్ధి పని మొదలైనవి ఏడంటే ఏడే.

పాడుచేసినవాడే కట్టాలి కదా, ప్రజల సొమ్మెందుకు? ప్రశ్న న్యాయమైనదే. రసాయన ఫ్యాక్టరీల వ్యర్థాలతో బావులు పాడైన రాజస్థాన్‌లోని బిచ్ఛ్రి గ్రామం కేసులో 1996లో సుప్రీంకోర్టు సరిగ్గా అదే చెప్పింది. పదిహేనేళ్ల తర్వాత, 2011లో, కట్టని సొమ్మును వడ్డీతో కట్టమని మళ్లీ ఆ కోర్టే ఆదేశించాల్సి వచ్చింది. ఊరి బావులు అన్నేళ్లు ఆగుతాయా? ప్రభుత్వం ఇందుకో నిధి పెట్టి, ముందు దాంతో శుభ్రం చేయాలి, తర్వాత ఆ భూమి మీదే హక్కు పెట్టుకుని యజమాని నుంచి వసూలు చేయాలి. శుభ్రమయ్యాక పెరిగిన భూమి విలువ కూడా నిధికే తిరిగి రావాలి. ప్రజల డబ్బుతో కడిగిన నేల రియల్ ఎస్టేట్ లాభంగా తేలితే అది అన్యాయం.

నిధి కూడా ఏడాదికోసారి దయతలిచి ఇచ్చేది కాకూడదు. అమెరికా 1980లో చమురు, రసాయన కంపెనీలపై పన్ను వేసి, కలుషిత స్థలాల శుద్ధికి సూపర్‌ఫండ్ అనే నిధి పెట్టింది. 1995లో పన్ను గడువు ముగిశాక నిధి తరిగిపోయింది, పనులు నెమ్మదించాయి. చివరకు 2021, 2022 చట్టాలతో ఆ పన్నును మళ్లీ తెచ్చుకున్నారు.

అన్ని చోట్లా ప్రభుత్వ నిధే అక్కర్లేదు. కాకినాడలో మూతపడ్డ నాగార్జున ఎరువుల కర్మాగారాన్ని ఏఎం గ్రీన్ కొని గ్రీన్ అమ్మోనియా తయారీకి మారుస్తోంది. వాడిన స్థలాన్నే మళ్లీ వాడటం మంచి పద్ధతి. అలా ఒక్కో ఎకరం వాడుకలోకి వస్తే డెల్టాలో ఒక్కో ఎకరం వరి మిగులుతుంది. కానీ రేవు పక్కన పెద్ద ఆవరణకు వచ్చే పెట్టుబడి లోపలి ఊళ్లలోని చిన్న మిల్లుకు రాదు. ప్రభుత్వ నిధి కావలసింది అక్కడే.

2025 జూలై 24న కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు తెచ్చింది. బాధ్యులు దొరకని చోట ఖర్చు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే అంది. ఎన్నాళ్లలో శుభ్రం చేయాలో మాత్రం గడువు పెట్టలేదు, అది పెద్ద లోటు. అయితే అనుమానిత స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. అంటే పెద్దాపురం మున్సిపాలిటీకీ, మండలంలోని పంచాయతీలకూ ఇక ఇందులో పాత్ర ఉంది. ఆ జాబితాను నోటీసు బోర్డుపై పెట్టాలి.

పాఠకులకూ ఒక పని ఉంది. మీ చుట్టుపక్కల మూతపడ్డ మిల్లు ఏ ఏళ్లలో నడిచిందో, అందులో ఏం వాడారో, మురుగు ఎటు వదిలారో పాత కార్మికులకు తెలుసు. వాళ్లు ఉండగానే అడిగి రాసి, సంతకం చేసి, మున్సిపల్ కమిషనరుకు ఇచ్చి రసీదు తీసుకోండి.